గడప దాటే రోబో

1979లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఒక నాలుగు చక్రాల బండి, కుర్చీలు అడ్డదిడ్డంగా వేసి ఉన్న గదిని మనిషి సాయం లేకుండా ఈ కొస నుంచి ఆ కొసకు దాటింది. దూరం సుమారు 20 మీటర్లు. పట్టిన సమయం దాదాపు ఐదు గంటలు. ఒక మీటరు కదలడం, ఆగడం, కెమెరాను పక్కకు జరుపుతూ ఫొటోలు తీయడం, ఎదురుగా ఏది ఎంత దూరంలో ఉందో పది పదిహేను నిమిషాలు లెక్కవేయడం, మళ్లీ ఒక మీటరు కదలడం. ఆ బండి మీద పనిచేసిన హాన్స్ మొరావెక్ 1988లో రాసిన పుస్తకంలో ఒక సంగతి తేల్చిచెప్పాడు. పెద్దవాళ్లకు కష్టమనిపించే తర్కం, చదరంగం యంత్రానికి సులువు. ఏడాది పాప చేసే పనులు, అంటే చూడటం, పట్టుకోవడం, గదిలో తిరగడం, యంత్రానికి బహు కష్టం. అప్పటి నుంచి చాలా మారింది. అలాంటి బండిని ఇంటర్ చదివే పిల్లలు ఇంట్లోనే కట్టుకోవడానికి కావలసిన సామానంతా ఇవాళ రెండు మూడు వేల రూపాయలకు దొరుకుతుంది. సామాను చవకైంది గానీ, మొరావెక్ చూసిన కష్టం ఉన్నచోటే ఉంది. అది చక్రానికీ నేలకూ మధ్య ఉంది, బ్యాటరీకీ మోటారుకూ మధ్య ఉంది. రోబో అనగానే మనం దాని తెలివి గురించి మాట్లాడతాం. కానీ రోబో విద్యలో ఎక్కువ భాగం దాని ఒంటికి సంబంధించినదని, ఆ భాగం సొంత చేత్తో మొదటి నుంచి బండి కట్టిన వాళ్లకే బాగా పట్టుబడుతుందని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం.

మొదటి నుంచి కట్టడం అంటే మోటారుకు రాగితీగ చుట్టుకోవడం, చిప్పు తయారు చేసుకోవడం అని ఎవరూ అనరు. మోటార్లు, చక్రాలు, బోర్డులు, సెన్సర్లు అన్నీ కొనేవే. హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలో దొరుకుతాయి, ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. తేడా అంతా నిర్ణయాల్లో ఉంది. కిట్టు కొంటే ఏ మోటారు, ఎంత చక్రం, ఎన్ని వోల్టులు, సెన్సరు ఎక్కడ అన్న ప్రశ్నలన్నిటికీ ఎవరో ముందే జవాబు రాసి డబ్బాలో పెట్టి ఉంటారు. మనకు మిగిలేది స్క్రూలు బిగించడం. సొంతంగా కడితే ఆ ప్రశ్నలన్నీ మన ముందు నిలబడతాయి, ఒక్కోదానికి లెక్క వేసి జవాబు చెప్పుకోవాలి. కట్టే వస్తువు చూడటానికి సాదాగా ఉంటుంది: ఒక ప్లైవుడ్ లేదా అక్రిలిక్ పలక, దానికి రెండు వైపులా రెండు మోటార్లు, రెండు చక్రాలు, ముందో వెనకో ఎటైనా తిరిగే చిన్న కాస్టర్ చక్రం, బ్యాటరీ, మోటారు డ్రైవర్ బోర్డు, ఈఎస్‌పీ32 లాంటి చిన్న కంట్రోలర్ బోర్డు, రెండు మూడు సెన్సర్లు. రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరిగితే బండి ముందుకు పోతుంది. ఒకటి ముందుకూ ఒకటి వెనక్కూ తిరిగితే ఉన్నచోటే తిరుగుతుంది. దీనిమీద రేపు కెమెరా పెట్టవచ్చు, చెయ్యి బిగించవచ్చు, గదిని కొలిచే లేజరు సెన్సరు ఎక్కించవచ్చు. అందుకే దీన్ని ప్లాట్‌ఫాం అంటారు.

మొదటి ప్రశ్న చక్రం ఎంత ఉండాలన్నది. చవక దుకాణాల్లో ఎక్కువగా దొరికే పసుపు చక్రం వ్యాసం 65 మిల్లీమీటర్లు, అంటే వ్యాసార్థం మూడుంపావు సెంటీమీటర్లు. వెనక నుంచి నెడితే కదిలే చక్రం తన వ్యాసార్థం కన్నా ఎత్తైన మెట్టును ఎక్కలేదు, ఎంత బలంగా నెట్టినా సరే. ఎందుకంటే ఆ ఎత్తులో నెట్టుడు బలం మెట్టు ముఖానికే తగులుతుంది, చక్రాన్ని పైకి లేపే భాగం అందులో మిగలదు. మోటారు తిప్పే చక్రానికి పట్టు బాగుంటే కొంత మెరుగు, అయినా వ్యాసార్థంలో సగం ఎత్తు ఎక్కితే ఈ తరహా బండికి గొప్పే. ఇప్పుడు తెలుగిళ్లలో గడపలు గుర్తు చేసుకోండి. పసుపు కుంకుమ పెట్టే సింహద్వారం గడప సంగతి సరే, అపార్టుమెంట్లలో స్నానాల గది ముందు వేసే సన్న బండ కూడా ఈ బండికి గోడే. ముందు పెట్టిన గోలీ అంత కాస్టరైతే చాప అంచుకే ఆగిపోతుంది. పెద్ద చక్రం పెడితే గడప దాటవచ్చు, కానీ దాన్ని తిప్పడానికి అంతకంతకూ ఎక్కువ బలం కావాలి. కాస్టరు వెనక్కి పెడితే ముందున్న నడిపే చక్రాలే మొదట మెట్టెక్కుతాయి, కానీ బరువు వెనక్కి పోయి చక్రాలు జారతాయి. నేలను పట్టుకునే బలం నడిపే చక్రాల మీద ఎంత బరువు పడుతోందో దాన్నిబట్టే ఉంటుంది కాబట్టి, బ్యాటరీ లాంటి బరువైన సామాను వాటి దగ్గర, వీలైనంత కిందుగా పెట్టాలి. అంగారకుడి మీద 1997లో దిగిన సోజర్నర్‌కూ, 2023 ఆగస్టులో చంద్రుడి మీద తిరిగిన మన ప్రజ్ఞాన్‌కూ ఆరేసి చక్రాలు, వాటిని కలిపే ఊగే చట్రం పెట్టింది ఈ చిక్కుకు జవాబుగానే. ఏ చక్రం రాయెక్కినా మిగతా ఐదూ నేలను వదలకుండా ఉండాలని ఆ ఏర్పాటు.

చక్రం తేలితే మోటారు లెక్క వస్తుంది, ఇది ఇంటర్ భౌతికశాస్త్రంతో అయిపోయే లెక్క. బండి మొత్తం బరువు రెండు కిలోలు, ఎక్కాల్సిన వాలు 10 డిగ్రీలు అనుకుందాం. ఇంటి ముందు స్కూటరు ఎక్కించడానికి కట్టే వాలు చాలాచోట్ల ఇంతకన్నా నిటారుగానే ఉంటుంది. వాలు వెంట కిందికి లాగే బలం 3.4 న్యూటన్లు, చక్రాల రాపిడి కూడా కలిపితే నాలుగుకు కాస్త తక్కువ. దాన్ని చక్రం వ్యాసార్థంతో గుణిస్తే రెండు మోటార్లూ కలిసి ఇవ్వాల్సిన తిప్పుడు బలం సుమారు 1.3 కిలో-సెంటీమీటర్లు, అంటే ఇరుసుకు సెంటీమీటరు దూరంలో 1.3 కిలోల బరువు వేలాడదీసినంత. ఒక్కో మోటారుకు అందులో సగం. బయలుదేరేటప్పుడు కావలసిన అదనపు బలానికి, గేర్లలో పోయే నష్టానికి దాన్ని కనీసం రెట్టింపు చేసుకోవాలి. వేగం సెకనుకు 30 సెంటీమీటర్లు చాలనుకుంటే, చుట్టుకొలత 20 సెంటీమీటర్లున్న చక్రం నిమిషానికి 90 సార్లు తిరగాలి. ఈ రెండు అంకెలూ చేతిలో ఉంటే దుకాణంలో ఏ మోటారు అడగాలో తెలుస్తుంది. ఇవి లేకుండా వెళ్లినవాళ్లు వేగం ఎక్కువున్నదే మంచి మోటారనుకుని కొంటారు. ఆ మోటారు బల్ల మీద గిర్రున తిరిగి, నేల మీద పెట్టగానే మూలుగుతూ నిలబడిపోతుంది. వేగం, బలం రెండూ ఒకే మోటారులో ఒకదానికోసం ఒకటి వదులుకోవాల్సినవని గేరు పెట్టె చేతబట్టి చూస్తే తెలిసినంతగా మరోలా తెలియదు.

కరెంటు దగ్గరికి వచ్చేసరికి అసలు పాఠం మొదలవుతుంది. ఆగి ఉన్న మోటారు కదిలే క్షణంలో, లేదా చక్రం అడ్డుపడి తిరగలేనప్పుడు, మామూలుగా నడిచేటప్పుడు లాగే కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది. తిరుగుతున్న మోటారు తనలో పుట్టించే ఎదురు వోల్టేజి కరెంటును అదుపులో ఉంచుతుంది, ఆగి ఉన్న మోటారుకు ఆ అదుపు లేదు. ఏ బ్యాటరీకైనా లోపల కొంత నిరోధం ఉంటుంది కాబట్టి ఇంత కరెంటు ఒక్కసారిగా లాగితే దాని వోల్టేజి దిగజారుతుంది. అదే బ్యాటరీ మీద నడుస్తున్న కంట్రోలర్ బోర్డు ఆ క్షణంలో ఆరిపోయి మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. బయటికి కనిపించేది ఇది: బండి ఒక్కసారి ఉలిక్కిపడి ఆగుతుంది, మళ్లీ ఉలిక్కిపడి ఆగుతుంది. కొత్తవాళ్లు దీన్ని చూసి కోడ్‌లో తప్పుందనుకుంటారు, రాత్రంతా కోడ్ తిరగరాస్తారు. కోడ్‌లో ఏ తప్పూ లేదు. తప్పు సన్నని వైరులో ఉండొచ్చు, పొగ కనిపెట్టే అలారాల్లో వేసే చదరపు 9 వోల్టుల బ్యాటరీ వాడటంలో ఉండొచ్చు, బోర్డుకూ మోటార్లకూ విడిగా, వోల్టేజిని నిలకడగా ఉంచే రెగ్యులేటర్ పెట్టకపోవడంలో ఉండొచ్చు, రెండింటి నెగెటివ్ తీగలను కలపడం మరచిపోవడంలో ఉండొచ్చు. తెలివిలో ఉన్నట్టు కనబడే జబ్బు ఒంట్లో ఉండటం ఈ విద్యలో పదేపదే ఎదురవుతుంది, దాన్ని పట్టుకునే పద్ధతి మల్టీమీటరు చేతబట్టి ఒక్కో చోటా వోల్టేజి చూసుకుంటూ పోవడమే.

డ్రైవర్ బోర్డు సంగతీ ఇలాంటిదే. మన దగ్గర అందరూ వాడే ఎల్298ఎన్ పాత తరహా ట్రాన్సిస్టర్ల చిప్పు. నాలుగు స్విచ్చుల అమరికతో మోటారును ముందుకూ వెనక్కూ తిప్పుతుంది, గట్టిది, చవక. కానీ దానిగుండా పోయేటప్పుడు దాదాపు 2 వోల్టులు వేడిగా పోతాయి. 7.4 వోల్టుల బ్యాటరీ పెట్టి మోటారుకు అంతా అందుతోందనుకుంటే, అందేది ఐదున్నర లోపే. టీబీ6612 లాంటి కొత్త డ్రైవర్లలో ఈ నష్టం చాలా తక్కువ. ఇక బ్యాటరీగా ఇప్పుడు అందరూ 18650 లిథియం సెల్లులు వాడుతున్నారు; ఒక్కోటి మామూలుగా 3.7 వోల్టులు, నిండితే 4.2. ఇక్కడ మాత్రం సొంత ప్రయోగాలకు తావు లేదు. ఎక్కువ చార్జి చేసినా, రెండు కొసలూ తాకి షార్టయినా ఈ సెల్లు మంటలు లేపగలదు. 3 వోల్టుల కిందికి దింపి వదిలేస్తే పాడవుతుంది, అలా పాడైనదాన్ని మళ్లీ చార్జి చేయడం ఇంకా ప్రమాదం. రక్షణ బోర్డు, లిథియం కోసమే చేసిన చార్జరు, బ్యాటరీ దగ్గరే ఒక ఫ్యూజు తప్పనిసరి. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీలు విప్పి తీసిన సెల్లులు పిల్లల చేతికి ఇవ్వకూడదు. ఇంట్లో రోబో కట్టడం ప్రమాదమనేవాళ్ల మాటలో నిజం ఉన్నది ఈ ఒక్క చోట. దానికి పెద్దవాళ్లు పక్కన ఉండి చార్జి చేయించడం జవాబవుతుంది, పనే మానిపించడం జవాబు కాదు.

ఇంతవరకు వచ్చిన బండి కదులుతుంది. తాను ఎక్కడుందో మాత్రం దానికి తెలియదు. ఆ తెలియడం కోసం చక్రం ఇరుసుకు చీలికలున్న చిన్న పళ్లెం, దాన్ని చదివే సెన్సరు బిగిస్తారు. దీన్ని ఎన్‌కోడర్ అంటారు. పళ్లేనికి 20 చీలికలుంటే ఒక్కో చీలికకు చక్రం సుమారు ఒక సెంటీమీటరు కదిలినట్టు. చీలికలు లెక్కపెట్టుకుంటూ పోతే బండి ఎంత దూరం పోయిందో, రెండు చక్రాల తేడానుబట్టి ఎంత తిరిగిందో తేల్చవచ్చు. కళ్లు మూసుకుని అడుగులు లెక్కపెట్టుకుంటూ మన ఇంట్లోనే వాకిలి నుంచి పెరటి దాకా నడవడం లాంటిదిది. మొదటి నాలుగడుగులు సరిగానే పడతాయి. తర్వాత ఏమవుతుందో లెక్క వేసి చూద్దాం. రెండు చక్రాల మధ్య దూరం 15 సెంటీమీటర్లు, రెండింటిలో ఒకటి నూటికి ఒక వంతు, అంటే 65 మిల్లీమీటర్లలో ముప్పాతిక మిల్లీమీటరు కూడా నిండని తేడాతో పెద్దది అనుకోండి. చవక రబ్బరు టైర్లలో ఇది మామూలే. బండి మీటరు పోయేసరికి పెద్ద చక్రం సెంటీమీటరు ఎక్కువ నడుస్తుంది, బండి దాదాపు నాలుగు డిగ్రీలు పక్కకు తిరుగుతుంది. ఐదు మీటర్లు పోయేసరికి 19 డిగ్రీలు తిరిగి, తిన్నగా పోవాల్సిన దారికి 80 సెంటీమీటర్లకు పైగా పక్కన ఉంటుంది. విచిత్రమేమిటంటే, రెండు చక్రాలూ సరిగ్గా ఒకే సంఖ్యలో తిరిగాయి కాబట్టి కంట్రోలర్ లెక్కలో అంతా సవ్యంగానే ఉంది. తలుపులోంచి పోవాల్సిన బండి గోడను గుద్దుకుని, తాను తలుపు దాటేశానని నమ్ముతుంది.

నా దృష్టిలో రోబో విద్యకు గుండెకాయ ఇదే. కోడ్ తప్పు కాదు, గణితం తప్పు కాదు, అయినా ఫలితం తప్పు. ఎందుకంటే గణితంలోకి పంపిన ఒక కొలత నిజం కాదు. దీన్ని ఎలా పట్టుకోవాలన్నదానికి అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో బోరెన్‌స్టైన్, ఫెంగ్ 1990ల నడుమ ఒక చక్కని పరీక్ష తయారు చేశారు. నేల మీద నాలుగు మీటర్ల చదరం గీసి, బండిని ఐదుసార్లు సవ్యదిశలో, ఐదుసార్లు అపసవ్యదిశలో తిప్పి, ప్రతిసారీ అది బయలుదేరిన చోటికి ఎంత దూరంలో ఆగిందో కొలవాలి. రెండు దిశల్లోనూ ఎందుకంటే, చక్రాల తేడా వల్ల వచ్చే తప్పు, చక్రాల మధ్య దూరాన్ని తప్పుగా కొలవడం వల్ల వచ్చే తప్పు ఒకే దిశలో తిరిగినప్పుడు ఒకదాన్నొకటి దాచుకోగలవు. అప్పుడు బండి చక్కగా చోటికి చేరి మనల్ని మోసం చేస్తుంది. ఎదురు దిశలో తిప్పితే ఆ రెండూ కూడుకుని బయటపడతాయి. పది బిందువులు కాగితం మీద పెట్టి చూస్తే అవి రెండు గుంపులుగా కనబడతాయి. గుంపు ఎంత పక్కకు జరిగిందో చూసి సవరణ అంకె కట్టవచ్చు, అది బండి సొంత లోపం. గుంపులో బిందువులు ఎంత చెదిరాయో చూస్తే నేల చేసే అల్లరి తెలుస్తుంది: టైల్సు అతుకులు, ఇసుక, జారుడు గ్రానైటు. మొదటిది లెక్కతో పోతుంది, రెండోది పోదు. సవరించగల తప్పునూ సవరించలేని తప్పునూ విడదీసి చూడటం ఇంజినీరింగులో నాలుగేళ్లు చదివినా చాలామందికి అలవడని గుణం. ఒక చదరం, ఒక టేపు, ఒక సాయంత్రం దాన్ని నేర్పగలవు.

ఇది ఆటబొమ్మల బాధ అనుకోవద్దు. అంగారకుడి మీద ఆపర్చునిటీ రోవర్ 2005 ఏప్రిల్‌లో ఒక ఇసుక దిబ్బలో కూరుకుపోయింది. చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి, బండి ముందుకు పోవడం లేదు. బయటికి తేవడానికి ఐదు వారాలు దాటింది. చక్రం లెక్క మీద నమ్మకం లేకనే ఆ రోవర్ వరసగా తీసిన ఫొటోల్లో రాళ్లు ఎంత జరిగాయో చూసి తాను నిజంగా ఎంత కదిలిందో తేల్చుకునేది. భూమ్మీద అమెజాన్ 2012లో 77.5 కోట్ల డాలర్లకు కొన్న కివా సంస్థ గిడ్డంగి రోబోలు కూడా నేల మీద వరసగా అంటించిన కోడు స్టిక్కర్లను చదువుకుంటూ తమ స్థానం సరిచూసుకునేవి. అంత డబ్బు, అంత నునుపైన నేల ఉండి కూడా చక్రం మాటను బయటి సాక్ష్యంతో పోల్చకుండా వాళ్లు నమ్మలేదు.

బయటి సాక్ష్యం ఇచ్చేవి సెన్సర్లు. వాటికీ వాటి పరిమితులున్నాయి. ఇంట్లో కట్టే బండ్లలో ఎక్కువగా కనిపించే హెచ్‌సీ-ఎస్‌ఆర్04 సెన్సరు మనకు వినపడని 40 కిలోహెర్ట్‌జ్ ధ్వనిని వదిలి, అది తగిలి తిరిగి రావడానికి పట్టిన కాలాన్నిబట్టి దూరం చెబుతుంది. కిట్టుతో వచ్చే కోడ్‌లో ధ్వని వేగం సెకనుకు 343 మీటర్లని రాసి ఉంటుంది. అది 20 డిగ్రీల దగ్గర నిజం. మే నెలలో రామగుండంలోనో విజయవాడలోనో 42 డిగ్రీల గాలిలో ధ్వని సెకనుకు 357 మీటర్ల వేగంతో పోతుంది. రెండు మీటర్ల దూరంలో ఉన్న గోడ 192 సెంటీమీటర్ల దగ్గరే ఉన్నట్టు బండికి కనిపిస్తుంది. ఎనిమిది సెంటీమీటర్లు ముందే ఆగితే ఇంట్లో నష్టం లేదు, కానీ తలుపు వెడల్పు కొలవాల్సి వచ్చినప్పుడు ఈ తేడా లెక్కలోకి వస్తుంది. చిన్న ఉష్ణోగ్రత సెన్సరు ఒకటి పెట్టి, ఒక వరుస కోడ్ రాస్తే ఈ తేడా పోతుంది. దోమతెర, పరుపు లాంటివి ధ్వనిని మింగేస్తాయి, ఏటవాలు గోడ దాన్ని పక్కకు కొట్టేస్తుంది. ఇన్‌ఫ్రారెడ్ సెన్సరు పెడదామంటే అది కిటికీలోంచి పడే ఎండకు తికమకపడుతుంది. ఒకే సాక్షిని నమ్మకుండా ఇద్దరు ముగ్గురి మాటలు పోల్చి చూడటం ఇక్కడి నుంచే మొదలవుతుంది. రోబో శాస్త్రంలోని పెద్ద పెద్ద గణితమంతా చివరికి ఈ పోల్చడాన్ని నమ్మకంగా చేయడానికి పుట్టిందే.

ఇదంతా పాత గొడవ, ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చింది కదా, అది ఈ తప్పులన్నీ తానే నేర్చుకుని సరిదిద్దుకుంటుంది అని ఒక ఆక్షేపణ. దీన్ని తేలిగ్గా తీసేయకూడదు. కెమెరా బొమ్మను అర్థం చేసుకోవడంలో ఇవాళ్టి యంత్రాలు మొరావెక్ కాలంలో ఊహకందని చోట ఉన్నాయి. కానీ ఈ రంగం చరిత్ర ఒక్కటే పాఠాన్ని మళ్లీ మళ్లీ చెప్పింది. 1966 నుంచి 1972 దాకా కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో షేకీ అనే రోబోకు ఆనాటి అతిపెద్ద తెలివినంతా ఇచ్చారు. ఇవాళ దారులు వెతికే ప్రోగ్రాముల్లో పనిచేసే ఏ-స్టార్ పద్ధతి 1968లో ఆ పనిలోంచే పుట్టింది. అయినా షేకీ తిరిగింది దానికోసమే సర్దిపెట్టిన గదుల్లో, చక్కగా రంగులు వేసిన దిమ్మెల మధ్య. దానికి పూర్తి ఎదురుగా, అంతకు చాలా ముందే 1948, 1949లలో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో గ్రే వాల్టర్ అనే నాడీశాస్త్రవేత్త ఎల్మర్, ఎల్సీ అని రెండు తాబేలు బండ్లు కట్టాడు. ఒక్కోదానిలో మెదడు అనదగ్గది రెండు రేడియో వాల్వులే. ఒక కాంతి సెన్సరు, దేనికైనా తగిలితే తెలిపే డొప్ప. అంతే సరంజామాతో అవి వెలుతురు వైపు పోయేవి, అడ్డు తగిలితే తప్పుకునేవి, బ్యాటరీ తగ్గితే చార్జి చేసే గూటికి చేరుకునేవి. 1980లలో మసాచుసెట్స్‌లోని ఎంఐటీలో రాడ్నీ బ్రూక్స్ ఆ దారినే మళ్లీ పట్టి, ముందు ఒంటినీ సెన్సర్లనూ సరాసరి కలపండి, పెద్ద ఆలోచన తర్వాత అన్నాడు. ఆయన మరో ఇద్దరితో కలిసి పెట్టిన సంస్థ 2002లో తెచ్చిన రూంబా, ఇల్లు ఊడ్చే రోబో, మొదట్లో ఏ పటమూ లేకుండానే లక్షల ఇళ్లలో పనిచేసింది. నేర్చుకునే యంత్రమైనా తన ఒంటి నుంచి వచ్చే కొలతల్లోంచే నేర్చుకోవాలి. వదులు స్క్రూ వల్ల ఊగే కెమెరా, మోటారు కదిలినప్పుడల్లా తప్పు చదివే సెన్సరు దానికి తప్పుడు పాఠాలే పెడతాయి. వాటిని పట్టుకోగల మనిషి అవసరం తెలివైన రోబోల కాలంలో పెరుగుతుందే గానీ తగ్గదు.

కంప్యూటర్‌లోనే రోబోను నడిపి చూసే సిమ్యులేటర్లు ఉచితంగా దొరుకుతున్నాయి కదా, విరిగేదీ కాలేదీ ఉండదు కదా అన్నది ఇంకో ఆక్షేపణ. వాడాలి, తప్పకుండా వాడాలి. రోబోలను నడిపే రాస్ లాంటి సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడానికి అంతకన్నా మంచి చోటు లేదు. అయితే సిమ్యులేటర్‌లో నేల పట్టు ఎంత, చక్రం వ్యాసం ఎంత అన్నవి మనం టైపు చేసే అంకెలు. మనకు తెలియనిది అందులో ఉండదు. పైన చెప్పిన చక్రాల తేడా సిమ్యులేటర్‌లో ఎప్పటికీ కనబడదు, ఎవరైనా ఒకసారి నిజమైన చక్రాన్ని కొలిచి ఆ తేడాను అందులో పెట్టేదాకా. ఇక ఖర్చు. కిట్టు ధరలోనే సొంత బండి అయిపోతుంది, కాలిపోయే ఒకటి రెండు బోర్డులు కలుపుకున్నా. సమయం మాత్రం నిజంగానే పదింతలు పడుతుంది. ఆ సమయమే ఇక్కడ కొనుక్కుంటున్న సరుకు కాబట్టి దాన్ని ఆదా చేయడంలో అర్థం లేదు.

మన వైపు పరిస్థితి నిరాశపడాల్సింది కాదు. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో 1979లో రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్ మొదలైనప్పుడు దానికి తొలి డైరెక్టరు చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి. స్టాన్‌ఫర్డ్ బండి నడిపిన మొరావెక్ ఆ తర్వాత పనిచేసింది అక్కడే. హైదరాబాద్‌లో 2023 మార్చిలో తెరిచిన టీ-వర్క్స్ అనే తయారీ కేంద్రంలో లేజర్ కటింగు, త్రీడీ ప్రింటింగు యంత్రాలున్నాయి. దేశమంతటా పదివేల దాకా బడుల్లో అటల్ టింకరింగ్ ల్యాబులు వచ్చాయి, ఒక్కోదానికి 20 లక్షల రూపాయల దాకా సాయం. 2025 కేంద్ర బడ్జెట్‌లో ఐదేళ్లలో ప్రభుత్వ బడుల్లో మరో 50 వేలు పెడతామన్నారు. సామాను కొరత ఇక పెద్ద చిక్కు కాదు. సామాను బీరువాలో పెట్టి తాళం వేసి, తనిఖీ వచ్చిన రోజున కిట్టు రోబోను నడిపి చూపించే చోట పిల్లలకు ఏమీ రాదు. విప్పనివ్వాలి, కాల్చనివ్వాలి, విరిగిన గేరుకు లెక్క అడగకుండా ఇంకోటి ఇవ్వాలి. ల్యాబు ఖర్చులో కొంత భాగాన్ని పాడయ్యే సామాను కోసమని ముందే పక్కన పెట్టిన ఉపాధ్యాయుడికి భయం ఉండదు, పిల్లలకూ ఉండదు.

ఇంజినీరింగు కాలేజీల్లో ఆఖరి ఏడాది ప్రాజెక్టులు సిద్ధంగా కొనుక్కోవడం అందరికీ తెలిసిన సంగతే. లైను మీద నడిచే రోబో, అడ్డు తప్పుకునే రోబో డబ్బాలో వస్తాయి, రిపోర్టుతో సహా. దీన్ని తిట్టి లాభం లేదు, పరీక్షించే పద్ధతి మారితే చాలావరకు అదే పోతుంది. వైవాకు వచ్చిన విద్యార్థిని రోబో ఏమేం చేస్తుందని అడగడం మానేసి, నాలుగు మీటర్ల చదరం మీద రెండు దిశల్లో తిప్పినప్పుడు వచ్చిన పది బిందువుల కాగితం చూపించమనాలి. ఆ గుంపులు ఎటు జరిగాయి, ఎందుకు జరిగాయి, ఏ అంకె మారిస్తే ఎంత దగ్గరికొచ్చాయి అని అడగాలి. చోటుంటే హాల్లోనే ఇంకోసారి తిప్పించి చూడాలి. అక్కడి నేల వేరు కాబట్టి ఇంటి దగ్గర కొలిచిన అంకెలు అచ్చంగా రావు. రాకపోవడానికి కారణం ఆ విద్యార్థి చెప్పగలిగితే పూర్తి మార్కులు వేయవచ్చు, బండి గోడను గుద్దుకున్నా సరే.